కుట్టుపని

మా అమ్మాయి నాలుగో తరగతిలో ఉన్నప్పుడు, మిన్నెసోటాలో, బొచ్చుతోళ్ల వ్యాపారం చరిత్ర నేర్పడానికి వాళ్ల క్లాసుని ఒక పాతకాలపు వర్తక స్థావరం నమూనాకి తీసుకెళ్లారు. తోడు వెళ్లిన తల్లుల్లో నేనూ ఉన్నాను. అక్కడ అన్నీ చేతులతో చేసి నేర్చుకోవాలి. పిల్లలు చెకుముకిరాయి కొట్టి నిప్పు రాజేశారు. నుదుటికి పట్టీ తగిలించుకుని మూట ఎత్తబోయి పడ్డారు. ఒక్కో మూట 90 పౌన్లు. పడవ కూలీలు రెండేసి మోసేవాళ్లు. "మరి ఆడవాళ్లేం చేసేవాళ్లు?" అని మా అమ్మాయి అడిగింది. "వంట, కుట్టుపని" అనేసి గైడు ముందుకు నడిచాడు.

అప్పట్లో నేను భర్త వీసా మీద ఆధారపడిన భార్యని. ఉద్యోగం చేసే హక్కు లేదు. నా గురించి అడిగినా దాదాపు అదే జవాబు వచ్చేది. అందుకేనేమో ఆ రెండు మాటలు నన్ను లైబ్రరీకి నడిపించాయి. సిల్వియా వాన్ కర్క్, జెన్నిఫర్ బ్రౌన్ 1980లో వేర్వేరుగా తెచ్చిన పుస్తకాలు దొరికాయి. మగవాళ్లు రాసుకున్న డైరీలు, కంపెనీ రికార్డుల్లోంచే వాళ్లు ఈ మూలవాసీ స్త్రీలను వెతికి తీశారు.

వంట అంటే పెమ్మికన్. బైసన్ మాంసం ఎండబెట్టి, దంచి, కరిగించిన కొవ్వు కలిపి చేసే నిలవ తిండి. దూరప్రయాణాల పడవలు నడిచింది దానిమీదే. కుట్టుపని అంటే బర్చ్ చెట్టు బెరడును స్ప్రూస్ వేళ్లతో కుట్టడం, అతుకులకు జిగురు పూయడం, స్నోషూలకు తోలుతాళ్లు అల్లడం.

1770లో శామ్యూల్ హెర్న్ ఉత్తర సముద్రానికి రెండోసారి బయల్దేరి విఫలమై తిరిగొస్తున్నప్పుడు, దెనె నాయకుడు మతొనాబీ కారణం చెప్పాడు: వెంట ఆడవాళ్లు లేకపోవడమే. బరువులు మోసేది, గుడారాలు వేసేది, బట్టలు కుట్టేది వాళ్లేనని. అది గౌరవం కాదు, శ్రమ లెక్క. స్త్రీలు వెంట ఉన్న మూడో ప్రయాణంలోనే, 1771లో, హెర్న్ ఆ సముద్రం చేరాడు.

ఆ శ్రమకు హక్కులు మాత్రం రాలేదు. వర్తకుడు విలియం కానొలీ 1803లో సుజాన్ అనే క్రీ స్త్రీని ఆమె జాతి ఆచారం ప్రకారం పెళ్లాడాడు. దాదాపు మూడు దశాబ్దాల కాపురం తర్వాత, 1832లో తన బంధువైన తెల్లజాతి స్త్రీని చర్చిలో చేసుకున్నాడు. మొదటి పెళ్లి చెల్లుతుందని కోర్టు తేల్చింది 1867లో. అప్పటికి సుజాన్ లేదు.

వీసా మీద వచ్చిన నా స్థితినీ, తమ నేలమీదే పరాయివాళ్లయిన ఆ స్త్రీల స్థితినీ ఒకటి చెయ్యను. కానీ పనిని చిన్నమాటతో మాయం చేసే పద్ధతి నాకు తెలుసు.

చేతులతో నేర్పే చరిత్ర మంచిదే. అయితే మూటతో పాటు రెండు బెరడు ముక్కలూ, వేళ్లూ, జిగురూ కూడా పిల్లల చేతికివ్వాలి. కుట్టి నీళ్లలో వదలమనాలి. అతుకు దగ్గర నీళ్లు లోపలికి వచ్చినప్పుడు, మా అమ్మాయి ప్రశ్నకు జవాబు గైడు చెప్పక్కర్లేదు.