ఆటోక్రాస్ కార్లు: టైరు, రిమ్ము వెడల్పు
ఖాళీ పార్కింగ్ స్థలంలోనో పాత రన్‌వే మీదో కోన్లు పేర్చి, కారు వాటి మధ్య తిరిగొచ్చే సమయాన్ని లెక్కించే పోటీ ఆటోక్రాస్. అమెరికాలో స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా (ఎస్‌సీసీఏ) నడిపే సోలో పోటీలు దీనికి పేరుపొందినవి. సుబారు డబ్ల్యుఆర్‌ఎక్స్ ఎస్‌టీఐ లాంటి ఆల్ వీల్ డ్రైవ్ కార్లలో బరువు ముందువైపే ఎక్కువ. తిప్పే పనితో పాటు లాగే పనిలో కొంత భాగమూ ముందు టైర్ల మీదే పడి, మలుపులో కారు ముక్కు బయటికి జారుతుంది. వెడల్పాటి టైరు పట్టు పెంచుతుంది గానీ రిమ్ము తోడు రావాలి. 2015 ఎస్‌టీఐకి 8.5 అంగుళాల వెడల్పు రిమ్ము, 245/40ఆర్18 టైరు వచ్చేవి. ఆ కొలత టైరు 8 నుంచి 9.5 అంగుళాల రిమ్ముకు సరిపోతుంది. ఇరుకు రిమ్ముకు ఎక్కిస్తే పక్కగోడ ఒరిగి, టైరు అంచులు ముందుగా అరిగిపోతాయి. ఆల్ వీల్ డ్రైవ్ కారులో నాలుగు టైర్ల చుట్టుకొలతా ఒక్కటే కావాలి. తేడా ఉంటే ముందు, వెనక చక్రాలకు శక్తిని పంచే మధ్య డిఫరెన్షియల్ దెబ్బతినవచ్చు. సోలో పోటీల స్ట్రీట్ విభాగంలో రిమ్ము వెడల్పు మార్చకూడదు కనుక అక్కడ ఈ కారుకు 245 లేదా 255 వెడల్పు టైరు ఎంచుకోవడం మేలు.