విన్నవారి చేతిలో పాఠం: విశ్వవిద్యాలయ ఉపన్యాసాలు – విద్యార్థుల ధ్వనిముద్రణలు

తలుపులకు దగ్గరలో, కదిరి ప్రాంతంలోని కటారుపల్లిలో, వేమన సమాధిగా జనం కొలిచే చోటు ఉంది. వేమన పద్యాలు మనదాకా వచ్చింది విన్నవారి వల్ల. విన్నవారు గుర్తుంచుకున్నారు, తరువాతివారు తాటాకులకెక్కించారు, సి.పి. బ్రౌన్ ఆ ప్రతులను సేకరించి 1829లో అచ్చు వేయించాడు. సరిగ్గా నూరేళ్లకు, 1929లో, అనంతపురం సీమవాడైన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ ‘వేమన’ గ్రంథం వెలువడింది. అది ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పక్షాన ఆయన చేసిన ఉపన్యాసాల సంపుటి. అక్కడ వక్తే రచయిత కనుక మాట భద్రంగా నిలిచింది.

అయితే ఆ రాళ్లపల్లివారే 1912 నుంచి 1949 వరకు మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు బోధించారు. 1974లో సంగీత కళానిధి బిరుదం అందుకున్న విద్వాంసుడు తరగతిలో పద్యం ఎలా చదివి ఉంటాడు, ఎక్కడ ఆపి ఉంటాడు, ఏ పదాన్ని సాగదీసి అర్థాన్ని విప్పి ఉంటాడు? వీటికి అచ్చు పుస్తకంలో జవాబు దొరకదు. పద్యాన్ని చదివే తీరే సగం వ్యాఖ్యానమని పాఠం చెప్పినవారందరికీ తెలుసు. విద్యార్థులు తమకై తాము చేసుకునే ధ్వనిముద్రణలను పరీక్షల సాధనంగానో, క్రమశిక్షణ సమస్యగానో కాక, తెలుగు బోధన చరిత్రకు ఆధారాలుగా చూడాలన్నది ఈ వ్యాసం ప్రతిపాదన.

నోటి పాఠాన్ని నిలుపుకోవాలన్న తపన కొత్తది కాదు. బ్రౌన్ జూలూరి అప్పయ్య మొదలైన పండితులచేత ప్రబంధాలకు వ్యాఖ్యలు రాయించాడు. పదవిభాగం, ప్రతిపదార్థం, అన్వయం, భావం అన్న టీకా క్రమం గురువు ఎదుట కూర్చుని చదువుకున్న క్రమమే. కాని రాతలోకి దిగేసరికి గురువు పక్కదారి పట్టి చెప్పిన కథ జారిపోతుంది. శిష్యుడి ప్రశ్న జారిపోతుంది. కఠిన సమాసాన్ని విడమరచడానికి వాడిన సీమ పలుకుబడీ జారిపోతుంది.

యూరపులో ఈ విషయం న్యాయస్థానం దాకా వెళ్లింది. లండనులో జాన్ అబర్నెతీ అనే శస్త్రవైద్యుడి ఉపన్యాసాలను ‘లాన్సెట్’ పత్రిక అచ్చువేయగా ఆయన కోర్టుకెక్కాడు. శ్రోత తన చదువు కోసం రాసుకోవచ్చు గాని, లాభం కోసం ప్రచురించరాదన్న దృష్టి 1825 నాటి ఆ వ్యాజ్యంలో స్పష్టపడింది. గ్లాస్గో ఆచార్యుడు ఎడ్వర్డ్ కెయర్డ్ పాఠాలను ఒక పుస్తక విక్రేత అచ్చువేసిన వివాదంలో, తరగతి ఉపన్యాసం లోకానికి ధారపోసినట్టు కాదని 1887లో ప్రభువుల సభ తీర్పిచ్చింది.

మరొక ఉదాహరణ మన భాషాశాస్త్ర విద్యార్థులందరికీ పరిచితమే. సొస్యూర్ 1907–1911 మధ్య జెనీవాలో మూడు పర్యాయాలు చెప్పిన పాఠాలను, విద్యార్థుల నోటు పుస్తకాల ఆధారంగా బాయీ, సెషహే కూర్చి 1916లో ప్రచురించారు. ఆ సంపాదకులిద్దరూ ఆ పాఠాలు విన్నవారు కారు. తరువాతి కాలంలో అసలు నోటు పుస్తకాలు వెలుగు చూశాక, అచ్చయిన గ్రంథంలో సొస్యూర్ మాట ఎంత, సంపాదకుల కూర్పు ఎంత అన్న చర్చ ఒక పరిశోధన శాఖగానే ఎదిగింది. బల్లల మీద మరచిపోదగిన నోటు పుస్తకాలే అంత పని చేశాయి!

మన చట్టం ఈ విషయంలో అనుకున్నంత కఠినం కాదు. 1957 నాటి కాపీరైటు చట్టాన్ని 1994లో సవరించినప్పుడు ‘ప్రదర్శకుడు’ అన్న నిర్వచనంలో ఉపన్యాసం చేసే వ్యక్తి కూడా చేరాడు. అంటే అధ్యాపకుడికి తన పలుకుపై హక్కు ఉంది. అదే చట్టంలోని 39వ సెక్షను, సొంత వినియోగం కోసం గాని, సదుద్దేశంతో కూడిన బోధన, పరిశోధనల కోసం గాని చేసే ముద్రణ ఆ హక్కుకు భంగం కాదంటుంది. దాచుకోవడం వేరు, పంచిపెట్టడం వేరు. చేతిలో ఫోనున్న కాలంలో ఈ రెంటి మధ్య దూరం ఒక్క వేలి తాకిడి మాత్రమే. చిక్కంతా అక్కడే ఉంది.

సంస్థలు చేయించిన ముద్రణలు మనకు లేకపోలేదు. 1982లో హైదరాబాదులో సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. 1984లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం దూరదర్శనులో పాఠాలు ప్రారంభించింది. అవి ముందుగా రాసుకుని, తూచి పలికినవి. విద్యార్థి బల్ల మీది క్యాసెట్టు రికార్డరుకో, తరువాత ఫోనుకో చిక్కింది మాత్రం ఫంకా చప్పుడుతో, దగ్గులతో, నవ్వులతో కూడిన నిజమైన తరగతి. చరిత్రకారుడికి రెండవదే విలువైనది.

తలుపుల నుంచి వచ్చి అనంతపురంలోని శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో తెలుగు చదివే విద్యార్థిని ఊహించుకుందాం. 1968లో స్నాతకోత్తర కేంద్రంగా మొదలై 1981లో విశ్వవిద్యాలయమైన ఆ సంస్థ ఈ కరవుసీమకు ఉన్నత విద్యను దగ్గర చేసింది. వేరుశనగ కోతలకో, ఇంట్లో అనారోగ్యానికో ఊరికి వెళ్లినవాడికి తోటివాడి రికార్డింగే తరగతి. చూపు లేని విద్యార్థికైతే అదే పాఠ్యపుస్తకం. వీరిని విస్మరించి నిషేధం విధించడం అన్యాయం.

అధ్యాపకుడి జంకూ అకారణం కాదు. వేమన పాఠమే తీసుకోండి. కులాన్నీ విగ్రహారాధననీ నిలదీసే పద్యాలను వివరిస్తూ అధ్యాపకుడు పూర్వపక్షాన్ని బలంగా నిలబెట్టి, ఆపైన ఖండిస్తాడు. పూర్వపక్షం వరకే కత్తిరించిన అర నిమిషం ముక్క బయట తిరిగితే అతడి మాటకు విలోమార్థం వస్తుంది. ఆ భయం గదిలో చేరితే వేమన పాఠం చప్పబడుతుంది. 2020లో ఆన్‌లైన్ తరగతులు వచ్చాక ప్రతి మాటా నిలిచిపోతుందన్న ఎరుక ఈ సంకోచాన్ని మరింత పెంచిందనే నా అభిప్రాయం. ప్రశ్న అడిగిన విద్యార్థి గొంతు కూడా అందులో ఉంటుంది. అతడి సమ్మతి ఎవరూ అడగరు.

కాబట్టి శాఖలు చేయవలసింది పెద్దదేమీ కాదు. సెమిస్టరు మొదట్లోనే అనుమతి మాట తేల్చుకోవాలి. ముద్రణ ముక్కలుగా కాక ఆద్యంతం ఉండాలి. తేదీ, బోధకుడు, పాఠ్యభాగం పేర్కొని ఒక ప్రతిని శాఖా గ్రంథాలయంలో ఉంచాలి. ఎప్పుడు, ఎవరు వినవచ్చునో బోధకుడే నిర్ణయించాలి. తాళపత్ర ప్రతికి లేఖకుడి పేరు, తిథి చేర్చిన సంప్రదాయం మనది. పేరూ తేదీ లేని శబ్దఖండం, పరీక్షలయ్యాక ఫోనులో చోటు చాలక చెరిగిపోకుండా మిగిలినా, ఎవరి గొంతో చెప్పగలవారు ఉన్నంతవరకే పనికివస్తుంది.