గోదావరి గట్టున వినికిడి చదువు

భద్రాచలం, రేకపల్లి తాలూకాల మీద ఒక పరిశోధన వ్యాసం 1876లో బొంబాయి ‘ఇండియన్ యాంటిక్వెరీ’ పత్రికలో అచ్చయింది. రాసినవాడు దుమ్ముగూడెంలో మకాం పెట్టిన జాన్ కేన్ అనే మిషనరీ. కోయల పెళ్లిళ్లు, చావు కర్మలు, దేవతలు, మాట తీరు ఆయన చూసినంత మేర రాశాడు. థర్‌స్టన్ 1909లో దక్షిణ భారత కులాల మీద, తెగల మీద సంపుటాలు వేసినప్పుడు కోయల గురించి చాలావరకు ఈ కేన్ రాతల మీదే ఆధారపడ్డాడు. 1945లో ఫ్యూరర్ హైమెండార్ఫ్ పాపికొండల కొండరెడ్ల మీద రాసిన పుస్తకం వచ్చింది. 1969లో గొమ్ముకోయల భాషకు స్టీఫెన్ టైలర్ రాసిన వ్యాకరణాన్ని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వేసింది.

మారుమూల అంటారు గానీ, ఇంతమంది పండితులు కూర్చుని రాసుకుపోయిన ప్రాంతాలు తెలుగునాట ఎన్ని ఉంటాయి? ఈ పుస్తకాల్లో ఒక్కటైనా దుమ్ముగూడెం సంతలో గానీ, చర్ల బస్టాండు కొట్లో గానీ నా కంటపడలేదు. ఇక్కడి నుంచి చదువు బయటికి కాగితం మీద పోయింది. తిరిగి వచ్చిన కాస్తా చెవి ద్వారా వచ్చింది. ఆ రెండో దారి చరిత్రను ఎవరూ రాసినట్టు లేదు. వ్యవసాయ విస్తరణాధికారిగా నా ఉద్యోగమంతా గోదావరికి అటూ ఇటూ గడిచింది కాబట్టి, నాకు తెలిసినంత నేనే రాస్తున్నాను.

వినడం ఇక్కడ కొత్త విద్య కాదు. కోయల గట్టుల, అంటే వంశ శాఖల, చరిత్రలు పడిగెలనే గుడ్డ జెండాల మీద బొమ్మలుగా ఉంటాయి. వాటి అర్థం విప్పిచెప్పేది డోలీలనే గాయకుల పాట. మూడో గట్టువాళ్లు ఎక్కడి నుంచి వచ్చారు, ఐదో గట్టు ఇలవేల్పు ఎవరు, ఎవరికి ఎవరితో వియ్యం కుదురుతుంది అన్నది పాడేవాడి నోట ఉంటుంది. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య గారు కంచుమేళం వాయిస్తూ అట్లాంటి కథల్ని పాడినవారు. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024 జూన్‌లో కన్నుమూశారు. ఎన్ని తరాల సంగతులు ఆయన గొంతులో ఉండేవో తలుచుకుంటే, అక్షరం రాకపోతే చదువు లేదనుకునే అలవాటు ఎంత తప్పో తెలుస్తుంది. రేడియో వచ్చి పడింది ఇట్లాంటి వినే జనం మధ్యకు.

మొదట విజయవాడ. ఆ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. విచిత్రంగా అదే ఏడాది లండన్‌లో బీబీసీ రీత్ ఉపన్యాసాలు మొదలుపెట్టి తొలి వక్తగా బెర్ట్రండ్ రస్సెల్‌ని కూర్చోబెట్టింది. పండితుడు తరగతి గది దాటి మైకు ముందుకు రావాలన్న ఆలోచన అక్కడా ఇక్కడా ఒకే కాలంలో నాటుకుంది. మా వైపు మాత్రం రేడియో ముందు భక్తితో ఇళ్లలోకి వచ్చింది. శ్రీరామనవమి నాడు భద్రాద్రి కళ్యాణం ప్రత్యక్ష వ్యాఖ్యానం, అందులోనూ ఉషశ్రీ గారి గొంతు. గుడికి కూతవేటు దూరంలో ఉండి కూడా రేడియో పెట్టుకుని కళ్యాణం విన్నవాళ్లను నేనెరుగుదును. పంచాయతీ రేడియోకు లౌడ్‌స్పీకరు తగిలించి ఉన్న ఊళ్లలో సాయంత్రం వ్యవసాయ కార్యక్రమం కూడా ఊరంతా వినపడేది. అయితే విజయవాడ మాటల్లో కృష్ణా డెల్టా ఉండేది. కాలువ నీళ్లు, నల్లరేగడి, రెండో పంట. పోడు కొట్టుకుని వానకు ఎదురుచూసే మనిషికి అందులో పనికొచ్చేది తక్కువ.

అందరూ చెవి ఒగ్గి విన్నది ఒక్క అంకె, గోదావరి మట్టం. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో అది 75.6 అడుగులకు ఎక్కింది. ఆ అంకెల వెనక నదిని కొలిచే ఇంజినీర్ల శాస్త్రం ఎంతో ఉంది. ఆ శాస్త్రాన్ని ఎవరూ పాఠంగా చెప్పలేదు. అయినా మా లంక పొలాల రైతుకు నలభై మూడంటే ఏ మడి మునుగుతుందో, నలభై ఎనిమిదంటే గొడ్లను ఎటు తోలాలో కంఠతా వచ్చు. చెప్పిన అంకెను వినేవాడు తన నేల మీద చూసుకోగలిగితే శాస్త్రం ఎంత లోతుకు దిగుతుందో చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ నా దగ్గర లేదు.

1989లో కొత్తగూడెంలో ఆకాశవాణి ఎఫ్ఎం కేంద్రం వచ్చింది. బొగ్గు గనుల ఊళ్లో, అడవికి ఆనుకుని, మాకంటూ ఒక స్టేషను. వ్యవసాయ విశ్వవిద్యాలయం అప్పటికే పాతిక ఏళ్లది. 1964లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయంగా మొదలై, తర్వాత రంగా గారి పేరు పెట్టుకుని, తెలంగాణ వచ్చాక జయశంకర్ గారి పేరుతో ఇక్కడిది వేరైంది. అశ్వారావుపేట కళాశాల నుంచి, వైరా కృషి విజ్ఞాన కేంద్రం నుంచి శాస్త్రవేత్తలు కొత్తగూడెం స్టూడియోకు వచ్చి మాట్లాడేవారు. వాళ్లకు తోడుగా మాలాంటి వాళ్లం కూర్చునేవాళ్లం, రైతు అడిగే మాటను రైతు అడిగినట్టు అడగడానికి.

అక్కడ నేను నేర్చుకున్నది కొలతల సంగతి. భద్రాచలం చాలా కాలం మద్రాసు ప్రెసిడెన్సీలో, గోదావరి జిల్లాలో ఉంది. ఖమ్మంలో కలిసింది 1959లో. ఇవతలి ఒడ్డున ఖమ్మం, కొత్తగూడెం, ఇల్లెందు నైజాం రాజ్యం. అందుకని భద్రాచలం వైపు రైతు సెంట్లలో చెప్తాడు, ఇవతలి రైతు కుంటల్లో చెప్తాడు. శాస్త్రవేత్త కాగితంలో హెక్టార్లు ఉంటాయి. ‘హెక్టారుకు ఇంత’ అని మైకులో చదివితే నదికి రెండు వైపులా ఎవరికీ ఎక్కదు. ఎకరం వరికి ఐదు సెంట్ల నారుమడి అంటే అటువైపు తెలుస్తుంది, రెండు కుంటలు అంటే ఇటువైపు తెలుస్తుంది. రెండూ ఒకటే నేల. రెండూ చెప్పాలి. మందు సంగతీ అంతే. లీటరు నీటికి రెండు మిల్లీలీటర్లు అని ప్రయోగశాల చెప్తుంది. రైతు చేతిలో ఉన్నది పదహారు లీటర్ల ట్యాంకు. ట్యాంకుకు ముప్పై రెండు మిల్లీలీటర్లు అని చెప్పాలి. ఆ మందు డబ్బా మూతతో ఎన్ని మూతలు అవుతుందో కూడా చెప్పగలిగితే ఇంకా మంచిది. దోమపోటు రాకుండా వరిలో రెండు మీటర్లకు ఒక కాలిబాట వదలమని చెప్పేటప్పుడు, బాట వెడల్పు ఇరవై సెంటీమీటర్లు అనే బదులు జానెడు అంటే చాలు.

కొందరు శాస్త్రవేత్తలకు ఇది తమ చదువును తగ్గించుకోవడంగా కనిపించేది. నాకట్లా ఎప్పుడూ అనిపించలేదు. హెక్టారును కుంటల్లోకి దించాలంటే లెక్క తెలియాలి, పైరు తెలియాలి, చేతిలో ట్యాంకు పట్టుకున్న మనిషి తెలియాలి. పరిశోధన పత్రం రాసేటప్పుడు ఈ మూడోదాని అవసరం రాదు. మైకు ముందు కూర్చుంటే వస్తుంది. రేడియో వల్ల రైతు ఎంత నేర్చుకున్నాడో శాస్త్రవేత్తా అంత నేర్చుకున్నాడని నేను గట్టిగా నమ్ముతాను.

ఉత్తరాలు వచ్చేవి. ఆకులో పురుగు ఎట్లా ఉందో పోస్టుకార్డు మీద పెన్నుతో గీసి పంపినవాళ్లున్నారు. ఫోన్ ఇన్ కార్యక్రమాలు వచ్చాక ప్రశ్న అప్పటికప్పుడే పడింది. 2021 చివర్లో ఖమ్మం, వరంగల్ మిర్చి తోటల మీద కొత్తరకం తామర పురుగు విరుచుకుపడింది. పూతలోకి నల్లగా చేరి పూలన్నీ రాల్చేసింది. కొట్టిన మందే మళ్లీ మళ్లీ కొట్టి అప్పులపాలైన ఇళ్లు ఎన్నో. ఆ రోజుల్లో రైతుకు కావలసింది వారానికి ఒకసారి వచ్చే ప్రసంగం కాదు. నీలిరంగు జిగురు అట్టలు ఎకరానికి ఎన్ని పెట్టాలి, ఏ మందు మీద ఏది కలపకూడదు అన్నది మళ్లీ మళ్లీ, తనకు తీరిక దొరికిన వేళ వినాలి. రేడియోకు ఆ వీలు లేదు. సాయంత్రం మాట్లాడిన మాట సాయంత్రమే పోయింది. తునికాకు కట్టలు కట్టి పొద్దుపోయాక ఇల్లు చేరిన ఆడమనిషికి, పత్తి ఏరి వచ్చిన కూలికి అది ఎన్నడూ అందలేదు.

అందుకే పాడ్‌కాస్టు అన్న మాట విన్నప్పుడు నాకు సంబరమైంది. మాట దాచి ఉంటుంది, కావలసినప్పుడు విప్పుకోవచ్చు. విశ్వవిద్యాలయాలు తమ పరిశోధనను నలుగురికీ చెప్పడానికి ప్రపంచమంతా ఈ దారి పట్టాయి. మన దగ్గరా చిన్న రేడియోల రూపంలో కొన్ని అడుగులు పడ్డాయి. 2008 అక్టోబరులో జహీరాబాద్ దగ్గర మాచనూరులో సంఘం రేడియో మొదలైంది, దళిత మహిళలు నడిపే స్టేషను. 2011లో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం ఆవరణలో బోల్ హైదరాబాద్ మొదలైంది. అట్లాంటి చిన్న స్టేషన్ల తరంగం కొన్ని కిలోమీటర్లు దాటదు కాబట్టి మా అడవి దాకా రాలేదు. మాకు దగ్గరగా వచ్చింది సరిహద్దు అవతలి ఛత్తీస్‌గఢ్ ప్రయోగం. 2010లో శుభ్రాంశు చౌధురి మొదలుపెట్టిన సీజీనెట్ స్వర. ఒక నంబరుకు మిస్డ్ కాల్ ఇస్తే తిరిగి ఫోన్ వస్తుంది. ఒకటి నొక్కితే మన మాట చెప్పొచ్చు, రెండు నొక్కితే ఇతరుల మాట వినొచ్చు. గోండిలో కూడా. స్మార్ట్‌ఫోను అక్కర్లేదు, చదువు రావక్కర్లేదు. ఒకటో నంబరు చెప్పడానికి, రెండో నంబరు వినడానికి అని పెట్టడంలోనే వాళ్ల మనసు తెలుస్తుంది.

విశ్వవిద్యాలయాల పాడ్‌కాస్టుల్లో నాకు కొరతగా తోచేది ఆ ఒకటో నంబరే. ఇద్దరు ఆచార్యులు కూర్చుని ఒకరినొకరు మెచ్చుకుంటూ గంటసేపు మాట్లాడుకుంటారు. సగం మాట ఇంగ్లిషు. వినేవాడు అడగడానికి చోటు లేదు. అదీగాక, తెలుగు ఒక్కటే చాలదు. 2011 జనాభా లెక్కల్లో కోయ మాట్లాడేవాళ్లు నాలుగు లక్షల పైన ఉన్నారు. నేను చూసిన ఊళ్లలో రేడియో మాటను ఒకరు విని, పక్కవాళ్లకు కోయలో తిరిగి చెప్పేవారు. ఎక్కువసార్లు బడికి వెళ్లే ఆడపిల్లలే ఆ పని చేసేవాళ్లు. 2004 ప్రాంతంలో ప్రభుత్వం కోయతో సహా ఎనిమిది గిరిజన భాషల్లో బడి వాచకాలు తెలుగు లిపిలో తయారుచేయించింది. అచ్చుకు ఆమాత్రం ఆలోచన వచ్చినప్పుడు మైకుకు రాకపోవడం న్యాయం కాదు. అశ్వారావుపేటలో, కొత్తగూడెంలో డిగ్రీలు చదివే కోయ పిల్లలు ఇప్పుడున్నారు. వ్యవసాయ శాస్త్రాన్ని, భూగర్భ శాస్త్రాన్ని తమ అమ్మకు చెప్పినట్టు చెప్పగలిగే గొంతులు వాళ్లవి. సిగ్నల్ లేని ఊళ్ల బెంగ కూడా అక్కర్లేదు. సంత రోజున చర్లలోనో వెంకటాపురంలోనో ఫోన్లోకి దించుకుని, బ్లూటూత్‌తో ఒకరి నుంచి ఒకరికి పాటలు పంచుకున్నట్టే దీన్నీ పంచుకుంటారు.

ఏం మాట్లాడాలో వెతుక్కోనక్కర్లేదు. నేను పదవి దిగినా ఫోన్లు ఆగలేదు, అడుగుతూనే ఉన్నారు. పామాయిల్ వేసిన చేలో మొదటి మూడేళ్లు అంతరపంటగా ఏం వేస్తే మొక్కకు దెబ్బ తగలదు? పట్టా వచ్చిన పోడు నేలలో జొన్న మానేసి పత్తి వేశాక భూమి గట్టిపడింది, మళ్లీ గుల్లబారాలంటే ఎన్నేళ్లు పడుతుంది? ఇప్పపువ్వు తక్కువ రాలుతోంది, ఎండల వల్లనా, చెట్టు ముసలిదయ్యా? దుమ్ముగూడెం అవతల నుంచి ఒక పెద్దాయన అడిగింది మాత్రం ఇంకో రకం: “సారూ, మా తాతల కాలంలో ఒక దొర వచ్చి మా పెళ్లిళ్ల గురించి రాసుకుపోయాడంట గదా, ఆయన ఏం రాశాడో ఎవరైనా మా మాటలో చదివి వినిపిస్తారా? అందులో ఏది నిజమో మేం చెప్తాం.”