లారీకి ఎన్ని మాటలు వచ్చు?

రహదారి మీద తిరిగే వాహనాలకు ఒక భాష ఉన్నది. దానికి లిపి లేదు, వ్యాకరణ గ్రంథం లేదు. సైగలు, దీపాలు, హారన్ మోతలు మాత్రమే ఉన్నాయి. ఆ భాషలో అన్నిటికన్నా ముఖ్యమైన వాక్యం "నేను పక్కకు తిరగబోతున్నాను" అన్నది. దీన్ని చెప్పే దీపాన్ని మనవాళ్ళు ఇండికేటర్ అంటారు, సిగ్నలు అని కూడా అంటారు. ఈ వ్యాసం మట్టుకు నేను ఆ దీపాన్ని "మలుపు దీపం" అనీ, స్టీరింగు పక్కన ఉండి దాన్ని నడిపేదాన్ని "మలుపు మీట" అనీ పిలుస్తాను. ఇంతకన్న చక్కని మాట తట్టినవారు చెబితే సంతోషంగా స్వీకరిస్తాను.

పాత ట్రక్కులో ఈ మీట పాడైతే బాగుచేసుకోవడం ఓపిక ఉన్నవారికి ఒక పూట పని. కానీ విప్పి చూస్తే అందులో దాదాపు వందేళ్ళ చరిత్ర పొరలు పొరలుగా కనిపిస్తుంది. మనిషి తన చేతితో చెప్పుకునే మాటను యంత్రానికి అప్పగించినప్పుడు ఏం పోయింది, పోయినదానిలో ఎంత తిరిగి వచ్చింది అన్నదే ఆ చరిత్ర.

మొదట ఉన్నది చెయ్యి. మన దేశంలో డ్రైవరు కుడివైపు కూర్చుంటాడు కనుక బయటికి చాపగలిగినది కుడిచెయ్యి ఒక్కటే. ఆ ఒక్క చేతితోనే అన్నీ చెప్పాలి. 1989 నాటి రహదారి నియమాలలో ఈ సైగలన్నీ వరుసగా రాసి ఉండేవి. అరచేయి కిందికి పెట్టి చేతిని పైకీ కిందికీ ఆడిస్తే వేగం తగ్గిస్తున్నానని అర్థం. ముంజేతిని నిలువుగా ఎత్తితే ఆగుతున్నానని. చేతిని అడ్డంగా చాపి అరచేతిని ముందుకు తిప్పి పెడితే కుడికి తిరుగుతున్నానని. చాపిన చేతిని గడియారం ముల్లుకు ఎదురుగా గుండ్రంగా తిప్పితే ఎడమకు తిరుగుతున్నానని. ఇక అడ్డంగా చాపిన చేతిని ముందుకూ వెనక్కూ ఊపితే, "నన్ను దాటి వెళ్ళు" అని వెనకవాడికి అనుమతి. మొత్తం ఐదు వాక్యాలు. అయిదో వాక్యాన్ని పాఠకులు గుర్తుంచుకోవాలని మనవి. మళ్ళీ దాని దగ్గరికే వస్తాను.

అమెరికాలో డ్రైవరు ఎడమవైపు కూర్చుంటాడు కాబట్టి అక్కడి సైగలు ఎడమచేతివి. చెయ్యి నిటారుగా చాపితే ఎడమకు, మోచేతి దగ్గర పైకి మడిస్తే కుడికి, కిందికి దించితే ఆగడానికి. ఏ దేశంలోనైనా చేతి సైగకు ఒక గొప్ప గుణం ఉన్నది. చెప్పేవాడికి తాను ఏం చెబుతున్నాడో తెలుసు. చెయ్యి చాపి ఉన్నదో లేదో ఎవరూ చెప్పనక్కరలేదు, భుజమే చెబుతుంది. మలుపు అయిపోగానే చెయ్యి తనంతట తానే లోపలికి వస్తుంది, ఎందుకంటే స్టీరింగు తిప్పడానికి ఆ చెయ్యి కావాలి! లోపాలూ లేకపోలేదు. చీకట్లో కనపడదు, వానలో చాపలేము, ఎత్తుగా సరుకు వేసిన లారీ వెనక ఉన్నవాడికి అసలే కనపడదు.

అందుకే తొలినాటి యంత్రాలు చేతిని అనుకరించాయి. అమెరికాలో పెర్సీ డగ్లస్-హామిల్టన్ అనే ఆయన 1907లో దరఖాస్తు చేసి 1909లో పేటెంటు పొందిన పరికరంలో సంకేతాలు అక్షరాలా చేతుల ఆకారంలోనే ఉన్నాయి. మూకీ చిత్రాల తార ఫ్లోరెన్స్ లారెన్స్ 1914లో తన కారు వెనక మడ్గార్డు మీద, మీట నొక్కితే లేచే ఒక చేతిని అమర్చుకున్నది. ఆమె దానికి పేటెంటు తీసుకోలేదు. ఐరోపాలో ఇదే ఆలోచన మరింత నాజూకైన రూపం దాల్చి ట్రాఫికేటర్ అయింది. కారు తలుపుల మధ్య స్తంభంలో ఒక చిన్న పుల్లలాంటి చెయ్యి మడిచి ఉండేది. మీట తిప్పితే లోపలి తీగచుట్టలో విద్యుత్తు ప్రవహించి, అయస్కాంతశక్తి ఇనుప కడ్డీని లాగి, ఆ చెయ్యి బయటికి లేచి వెలిగేది. బ్రిటన్‌లో మోరిస్ మైనర్ కారుకు 1961 దాకా ఇవే ఉండేవి. ఆ మైనరే మన దేశంలో బేబీ హిందుస్తాన్ అనే పేరుతో వచ్చింది. ట్రాఫికేటర్ తుప్పు పట్టి బిగుసుకుపోవడం మామూలే. అప్పుడు లోపలినుంచి స్తంభం మీద పిడికిలితో ఒక్కటి వేయడం ఆనాటి డ్రైవర్లందరికీ తెలిసిన మరమ్మతు.

గమనించవలసిన సంగతి ఏమిటంటే, ఇక్కడే మొదటి నష్టం జరిగింది. యంత్రపు చెయ్యి లేచిందో లేదో డ్రైవరు భుజానికి తెలియదు. మలుపు దాటాక అది తనంతట తాను ముడుచుకోదు. తాను ఏం మాట్లాడుతున్నాడో తనకే తెలియని వక్త తయారయ్యాడు. ఆ తరువాతి మలుపు మీట చరిత్ర అంతా ఈ ఒక్క లోపాన్ని పూడ్చే ప్రయత్నమే అని నాకు అనిపిస్తుంది.

1939 మోడలు బ్యూక్ కార్లలో కర్మాగారంనుంచే మిణుకుమిణుకుమనే మలుపు దీపాలు వచ్చాయి, కానీ వెనకవైపు మాత్రమే. 1940 మోడలులో ముందువైపు కూడా పెట్టారు. అంతకన్న ముఖ్యంగా, మలుపు అయ్యాక స్టీరింగు నిటారుకు వచ్చేటప్పుడు మీటను వెనక్కి తన్నే ఏర్పాటు చేశారు. చెయ్యి తనంతట తాను లోపలికి వచ్చే గుణాన్ని యంత్రానికి నేర్పడం అన్నమాట.

ఇప్పుడు ఒక పాత ట్రక్కును విప్పుదాం. 1973 నుండి 1987 వరకు అమెరికాలో వచ్చిన షెవర్లే పికప్‌ను ఉదాహరణగా తీసుకుంటున్నాను. ఇంత వయసున్న బండిలో మలుపు మీట అరిగిపోవడం వింత కాదు. ముందుగా రోగం ఎక్కడున్నదో తేల్చుకోవాలి. నాలుగు దీపాలూ ఒకేసారి మిణికే హజార్డు మీటను వేసి చూడాలి. అది పనిచేసి, మలుపు దీపాలు పనిచేయకపోతే, బల్బులూ వెనక్కి వెళ్ళే వైర్లూ బాగున్నట్టే. అప్పుడు ఫ్యూజు, ఫ్లాషర్ డబ్బా, ఆఖరున మలుపు మీట, ఈ వరుసలో అనుమానించాలి.

మీటే దోషి అని తేలితే, బ్యాటరీ నెగటివ్ వైరు తీసి, స్టీరింగు మధ్యలోని హారన్ మూత విప్పాలి. చక్రం, ఇరుసు కలిసే చోట ఒక గీత గీసుకోవాలి, మళ్ళీ అదే కోణంలో కూర్చోబెట్టడానికి. నట్టు విప్పాక చక్రాన్ని చేతులతో పీకకూడదు, సుత్తితో కొట్టకూడదు. దాని నడుమ మరచుట్లున్న రెండు రంధ్రాలు ఉంటాయి, పుల్లర్ బోల్టులు వాటిలో బిగించి నెమ్మదిగా లాగాలి. దాని కింద తాళపు పళ్ళెం. దాన్ని ప్రత్యేకమైన పనిముట్టుతో అదిమిపట్టి రింగు తీస్తే, ప్లాస్టిక్ కామ్ బయటపడుతుంది. చక్రంతోపాటు తిరిగి మీటను వెనక్కి తన్నేది ఈ కామే. అది తగిలే సన్నని వేళ్ళు మీట యంత్రంలో ఉంటాయి. అవి విరిగితే మలుపు అయినా దీపం ఆగదు. 1940 నాటి ఆలోచన మొత్తం ఆ రెండు వేళ్ళలో ఉన్నది!

మీట కాడనూ, హజార్డు గుండీనీ, మూడు స్క్రూలనూ తీస్తే పాత స్విచ్చి పైకి వస్తుంది. దాని వైర్లు స్టీరింగు గొట్టంలోంచి కిందిదాకా పోయి ఉంటాయి. కింది కొసకు ఒక దారం కట్టి పైకి లాగితే, అదే దారంతో కొత్త స్విచ్చి వైర్లను సులువుగా కిందికి దింపుకోవచ్చు.

ఈ వైర్లలో ఒకటి తెల్లనిది. అది బ్రేకు స్విచ్చినుంచి వచ్చే వైరు. బ్రేకుదీపానికీ మలుపు మీటకూ సంబంధమేమిటని ఆశ్చర్యం కలగవచ్చు. ఈ ట్రక్కులలో వెనక ఉన్న ఎర్రదీపంలోని ఒకే తీగ బ్రేకుకూ మలుపుకూ కూడా వెలుగుతుంది. ఎడమకు మీట వేస్తే, స్విచ్చి ఎడమ దీపాన్ని బ్రేకునుంచి విడదీసి ఫ్లాషర్‌కు కలుపుతుంది, కుడి దీపం బ్రేకుతోనే ఉంటుంది. కాబట్టి స్విచ్చి లోపలి రాగి కొనలు అరిగితే, మలుపు సంగతి అలా ఉంచి, బ్రేకు వేసినప్పుడు ఒక పక్క దీపం వెలగకపోవచ్చు. తన బండి ఆగుతున్నానని చెప్పడం లేదని డ్రైవరుకు తెలియదు. నిజానికి ఇందుకోసమే ఈ చిన్న మరమ్మతును వాయిదా వేయకూడదని నేను అంటాను.

ఇక ఫ్లాషర్ డబ్బా. పాత రకం దానిలో ఉన్నది రెండు లోహాలు అతికించిన ఒక పట్టీ. రెండూ వేడికి సమానంగా సాగవు, కాబట్టి వేడెక్కితే పట్టీ వంగుతుంది. దాన్ని వేడిచేసేది దీపాలకు వెళ్ళే విద్యుత్తే. ఈ ట్రక్కు వెనకవైపు వాడే 1157 రకం బల్బు పెద్ద తీగ సుమారు 2.1 ఆంపియర్లు తీసుకుంటుంది. ముందూ వెనకా కలిస్తే నాలుగు దాటుతుంది. ఆ వేడికి పట్టీ వంగి సంబంధం తెగుతుంది, దీపం ఆరుతుంది. చల్లారి తిరిగి అతుకుతుంది, దీపం వెలుగుతుంది. మనకు వినిపించే టిక్కు టిక్కు ఆ పట్టీ చప్పుడే. ఒక బల్బు మాడితే విద్యుత్తు సగమవుతుంది, వేడి చాలదు. దీపం మిణకడం మాని నిలకడగా వెలుగుతుంది. అంటే వెనక ఏం జరిగిందో ముందున్నవాడికి తెలుస్తుంది. ఎవరూ పనిగట్టుకుని పెట్టని ఈ గుణం భుజానికుండే తెలివిని డ్రైవరుకు కొంత తిరిగి ఇచ్చింది. అందుకే ఇలాంటి బండిలో ఎల్‌ఈడీ బల్బులు పెట్టుకున్నవారు ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ కూడా వేసుకోవాలి. ఆ బల్బులు తీసుకునే స్వల్ప విద్యుత్తు పాత పట్టీని వేడెక్కించలేదు. నేటి కార్లు చాలావాటిలో పట్టీ లేదు, అయినా టిక్కు టిక్కును స్పీకరులోంచి వినిపిస్తున్నారు. చెప్పేవాడికి తన మాట వినపడాలి కదా.

ఇలా మొదటి నష్టం చాలావరకు పూడింది. రెండో నష్టం మాత్రం పూడలేదు. అది మన దేశపు రహదారుల మీద కొట్టవచ్చినట్టు కనిపిస్తుంది.

1988 మోటారు వాహనాల చట్టం 121వ సెక్షను సైగలు చేయమని చెబుతూ, తిరగడం, ఆగడం అనే సంకేతాలను యాంత్రిక లేదా విద్యుత్ పరికరంతో ఇవ్వవచ్చునని సడలింపు ఇచ్చింది. 120వ సెక్షను ప్రకారం ఎడమవైపు స్టీరింగు ఉన్న వాహనానికైతే పనిచేసే సంకేత పరికరం తప్పనిసరి. అంటే చట్టం దృష్టిలో దీపం చేతికి ప్రతినిధి. 1989 కేంద్ర మోటారు వాహన నియమాలు ఆ ప్రతినిధి రంగు కాషాయపు పసుపు అనీ, నిమిషానికి 60కి తగ్గకుండా 120కి మించకుండా మిణకాలనీ నిర్ణయించాయి. అన్నీ బాగున్నాయి. కానీ చేతికి ఐదు వాక్యాలు వచ్చు. బ్రేకుదీపం వేగం తగ్గించడాన్నీ ఆగడాన్నీ తీసుకున్నది. మలుపు దీపాలు కుడి ఎడమలను తీసుకున్నాయి. "నన్ను దాటి వెళ్ళు" అన్న అయిదో వాక్యానికి దీపమే లేదు.

మాట లేకపోయినంత మాత్రాన అవసరం పోదు. రెండు వరుసల ఇరుకు రోడ్డు మీద, ముందు ఏం వస్తున్నదో లారీ డ్రైవరుకు కనిపిస్తుంది, వెనక కారువాడికి కనిపించదు. దారి ఖాళీగా ఉన్నదని చెప్పడం అక్కడ మర్యాద. నా చిన్నతనంలో ఆ మాట లారీలోంచి బయటికి వచ్చి ఊగే చెయ్యే చెప్పేది. ఎడమవైపు సంగతులు తలుపు పట్టుకుని వేలాడే క్లీనరు చూసుకునేవాడు. తరువాతి కాలంలో చాలాచోట్ల డ్రైవర్లు ఆ అయిదో వాక్యాన్ని కుడి దీపానికే అప్పగించారు. కుడి చెయ్యి ఊపితే దాటమని కదా, కుడి దీపం మిణికినా దాటమనే అన్నది వారి తర్కం. అది అజ్ఞానం కాదు, పాత భాషలోంచి చేసిన అనువాదం. కానీ ఆ దీపానికి "నేను కుడికి తిరుగుతున్నాను" అనే అర్థం ముందునుంచే ఉన్నది. ఒకే మిణుకు "రా" అనీ చెబుతుంది, "రాకు, చస్తావు" అనీ చెబుతుంది. చాచిన చెయ్యికీ ఊగే చెయ్యికీ తేడా పసివాడికైనా తెలిసేది. దీపానికి ఆ తేడా చూపే శక్తి లేదు.

కూడలిలో నేరుగా వెళ్ళడానికి నాలుగు దీపాలూ మిణికించే అలవాటు కూడా ఇలాంటిదే. పక్కనుంచి వచ్చేవాడికి ఒకవైపు దీపమే కనిపిస్తుంది, బండి అటు తిరుగుతున్నదని నమ్ముతాడు.

అరిగిన కామునూ మాడిన కొనలనూ మార్చవచ్చు. వెనకవాడి మనసులో ఉన్న అర్థాన్ని ఏ పుల్లరూ బయటికి లాగలేదు. కనుక దీపం ఎంత బాగా మిణికినా, కుడి దీపం వేసిన లారీ వెనక నేను రెండు క్షణాలు ఆగి, అది మధ్యగీత వైపు జరుగుతున్నదా, వేగం తగ్గుతున్నదా అని చూస్తాను. మిత్రులు కూడా అలాగే చూడాలని నా కోరిక. మీ పెద్దలలో లారీలు నడిపినవారు ఉంటే ఆ అయిదో వాక్యాన్ని వారు ఎలా చెప్పేవారో అడిగి తెలుసుకోండి. ఆ చేతిభాష తెలిసినవారు రోజురోజుకూ తగ్గిపోతున్నారు.