తకోయాకి: ఒసాకా పొయ్యి మీది చరిత్ర

జపాన్‌లోని ఒసాకా నగరంలో ఎండో తొమెకిచి అనే వర్తకుడు మొదట అమ్మినది రేడియోయాకి, అంటే గోధుమపిండి జారులో గొడ్డుమాంసపు నరాల ముక్కలు వేసి కాల్చిన ఉండ. పొరుగునున్న అకాషి పట్టణంలో గుడ్లు ఎక్కువగా కలిపిన జారులో ఆక్టోపస్ వేస్తారని తెలిసి, ఆయన 1935లో మాంసం స్థానంలో దానినే వాడగా తకోయాకి పుట్టింది.

మన గుంతపొంగణాల పెనాన్ని పోలిన ఇనుప పెనంలో గుంతలు పొంగిపొర్లేలా జారు పోసి, అంచులు గట్టిపడగానే పొర్లిన పిండిని సూదిమొన కడ్డీతో లోపలికి మడిచి తిప్పితే, అరగోళం నిండు గోళమవుతుంది. ఈ వంటలోని అసలైన నేర్పంతా ఆ తిప్పడంలోనే ఉంది.

ఒసాకా పొయ్యి మీద తకోయాకితోపాటు మరో గోధుమపిండి వంటకానికీ చోటుంది: పలుచని పిండిపై ఉల్లికాడలు చల్లి, సాస్ పూసి అమ్మిన ఇస్సెన్ యోషోకు, అనగా ఒక సెన్ నాణేనికి దొరికే పాశ్చాత్య తిండి, క్యాబేజీతో మందంగా కాల్చే ఒకొనొమియాకి అట్టుకు పూర్వరూపం. రెండో ప్రపంచయుద్ధం తరువాత బియ్యం కొరవడి, అమెరికా గోధుమపిండి అందుబాటులోకి రావడంతో ఈ అట్టు విస్తరించింది. ఇక తకోయాకి విషయానికొస్తే, ఒసాకా ఇళ్ళలో నేడు దాని పెనం మామూలు వంటసామగ్రి.