ఊబూ రాజు నుంచి ఖడ్గమృగాల దాకా

భద్రాచలం, దుమ్ముగూడెం ఊళ్లలో పౌరాణిక నాటకాలు చూస్తూ పెరిగినవాడికి పారిస్ నాటకం ఓ పట్టాన మింగుడుపడదు. మన వేదిక మీద రావణుడికీ దుర్యోధనుడికీ కూడా ఒక రాజసం ఉంటుంది. దుర్మార్గుడని తెలిసీ, పద్యం ఎత్తుకోగానే చప్పట్లు కొడతాం. ఫ్రెంచివాళ్ల ఊబూ రాజుకు ఆ రాజసం మచ్చుకైనా లేదు. పెద్ద బొజ్జ, తిండియావ, పిరికితనం. పోలండ్ రాజును చంపి గద్దెనెక్కుతాడు. ఆస్తుల కోసం ప్రభువులను చంపిస్తాడు. పన్నులు తానే ఇల్లిల్లూ తిరిగి గుంజుతాడు. యుద్ధంలో ఓడి పారిపోతాడు.

రెన్ పట్టణంలో బడిపిల్లలు తమ ఫిజిక్స్ మాస్టారిని వెక్కిరిస్తూ అల్లిన కథ అది. దాన్ని నాటకం చేసిన ఆల్‌ఫ్రెడ్ జారీకి అది వేదికెక్కేనాటికి 23 ఏళ్లు. 1896 డిసెంబర్ 10న పారిస్‌లో ఆడితే మొదటి మాటకే హాల్లో గొడవ లేచింది. మనిషిని ఇంత వికారంగా చూపిస్తారా అని పెద్దమనుషులు మండిపడ్డారు.

అంతకన్నా వికారం చరిత్రే చూపించింది. 1940 జూన్‌లో జర్మన్ సేన పారిస్‌లో దిగింది. 1942 జూలై 16, 17 తేదీల్లో అక్కడ సుమారు 13 వేలమంది యూదులను ఇళ్లలోంచి పట్టుకెళ్లారు. వారిలో నాలుగు వేలకు పైగా పిల్లలు. పట్టుకెళ్లింది ఫ్రెంచి పోలీసులే. ఆ నేరంలో ఫ్రాన్స్ బాధ్యతను అధ్యక్షుడు జాక్ షిరాక్ ఒప్పుకునేసరికి 1995 వచ్చింది.

యుద్ధం తర్వాత వచ్చిన అసంబద్ధ నాటకాన్ని ఈ నేపథ్యంలోనే చూడాలి. దాన్ని నిలబెట్టినవాళ్లలో ఇద్దరు వలస వచ్చినవాళ్లే. ఐర్లండ్‌వాడైన సామ్యూల్ బెకెట్ నాజీలకు వ్యతిరేకంగా రహస్యంగా పనిచేసి, బృందం పట్టుబడ్డాక దక్షిణాది పల్లెలో తలదాచుకున్నాడు. 1953లో ఆడిన ఆయన నాటకంలో చెట్టు దగ్గర ఇద్దరు గోడో కోసం ఎదురుచూస్తూనే ఉంటారు. గోడో రాడు. యూజీన్ అయొనెస్కో రుమేనియాలో తన స్నేహితులు ఒక్కొక్కరే ఫాసిస్టులు కావడం చూశాడు. 1959 నాటి ఆయన 'ఖడ్గమృగం'లో ఊరివాళ్లు వరసగా మృగాలవుతారు. మొదట భయపడినవాళ్లే తర్వాత సర్దుకుపోతారు, ఆపైన తామూ మందలో కలుస్తారు. బెరాంజే ఒక్కడే మనిషిగా మిగులుతాడు.

మనిషి మీద ఆశ పూర్తిగా వదులుకున్నవాడు అలాంటి బెరాంజేను సృష్టించలేడు. ఖమ్మం, భద్రాచలం నాటక సమాజాల మిత్రులకు నా మనవి ఒక్కటే: ఈ 'ఖడ్గమృగం' నాటకం ఒకసారి ఆడండి. ఖరీదైన సెట్టింగులు అక్కర్లేదు. స్థలం పేరు అట్ట మీద రాసి వేలాడదీస్తే చాలని జారీ ఏనాడో చెప్పాడు. మంద కదిలినప్పుడు ఒక్కడైనా నిలబడడం ఎంత కష్టమో మన పిల్లలు మన భాషలోనే చూడాలి.