ఇంటి అరుగు – తొలి బడి

బిడ్డకు అయిదవ యేడు వచ్చినది. ఇప్పుడే బడిలో చేర్పింతుమా, కొన్నాళ్లు ఇంటనే చదువు చెప్పుకొందుమా? ఈ మాట నేడు కొన్ని ఇండ్లలో వినవచ్చుచున్నది. ఇది పరదేశములనుండి వచ్చిన క్రొత్త ఆలోచన యని కొందరును, మన పూర్వుల పద్ధతియే యని కొందరును అందురు. ఆ పూర్వులు నిజముగ నేమి చేసిరి? దానివలన మేలు పొందినవారెవరు, వెలుపల నిలిచిపోయినవారెవరు? ముందుగా ఇది తెలిసికొన్నచో, నేటి ప్రశ్నకు సమాధానము చెప్పుకొనుట సులభమగును.

హైదరాబాదునుండి పడమరగా వికారాబాదు దారి పట్టినవారికి మొదట మొయినాబాదు, పిమ్మట చేవెళ్ల తగులును. ఈ ప్రాంతమునకు ఒక ప్రక్క 1920లో కట్టి ముగించిన ఉస్మాన్‌సాగరు, వేరొక ప్రక్క 1927లో కట్టి ముగించిన హిమాయత్‌సాగరు కలవు. దారి పొడుగున ముదుసలి మర్రిచెట్లు నీడనిచ్చుచుండును. 1948 సెప్టెంబరు వరకు ఈ సీమ ఆసఫ్‌జాహీల యేలుబడిలో నుండెను. రాజధానికి ఇంత చేరువలో నున్నను, ఇచ్చటి పల్లెబిడ్డ చదువు మొదలైనది ఇంటిలోనే.

బియ్యము పోసిన పళ్లెములో బిడ్డ వ్రేలు పట్టి ఓనమాలు దిద్దించుట మనకు అక్షరాభ్యాసము. ముస్లిము కుటుంబములలో నాలుగేండ్ల నాలుగు నెలల నాలుగు దినముల వయస్సున జరుపు బిస్మిల్లా వేడుకయు ఇట్టిదే. ఆ పిమ్మట, కలిగిన గృహస్థు ఒక పంతులును కుదుర్చుకొని తన అరుగుమీద చదువు చెప్పించును. ఇరుగుపొరుగు పిల్లలు వచ్చి చేరుదురు. అదే వీధిబడి. నిజాము రాజ్యమున దానిని ఖాన్గీ బడి యనిరి. జనుల నోట అది కానిగి బడి యయ్యెను. ఇంటి చదువు ఎక్కడ ముగిసినదో, బడి చదువు ఎక్కడ మొదలైనదో చెప్పుట కష్టము. రెండును ఆ అరుగుమీదనే కలిసియుండెను.

అట్టి బడులలో పని యెట్లు సాగినదో తెలుపు నివేదిక యొకటి మనకు మిగిలినది. అది బళ్లారి జిల్లాకు సంబంధించినది. బళ్లారి సీమయు 1800 వరకు నిజాము రాజ్యములోనిదే. ఆ యేట కుంపిణీకి దత్తము చేయబడినది. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో చదువుల లెక్కలు తీయుడని ఆజ్ఞాపింపగా, బళ్లారి కలెక్టరు ఎ. డి. కాంబెల్ 1823 ఆగస్టులో ప్రత్యుత్తరము పంపెను. 1816లో తెలుగు వ్యాకరణమును ఇంగ్లీషున ప్రకటించిన కాంబెల్ ఇతడే.

పిల్లలు అయిదవ యేట చదువులో చేరుదురనియు, తెల్లవారి ఆరు గంటలకే బడి మొదలగుననియు ఇతడు వ్రాసెను. మొదట వచ్చిన పిల్లవాని అరచేత సరస్వతి పేరు వ్రాయుదురు. రెండవవానికి సున్న. మూడవవానికి ఒక చిన్న బెత్తపు దెబ్బ. ఆలస్యమైనకొలది దెబ్బలు పెరుగును. అక్షరములు నేర్చుటకు తొలి పుస్తకము ఇసుక. పిల్లవాడు పైకి పలుకుచు వ్రేలితో ఇసుకలో వ్రాయును. కన్ను, చెవి, నోరు, వ్రేలు ఒక్కమారే పనిచేయును. పెద్ద పిల్లలు చిన్నవారికి చెప్పుదురు. పంతులు ఒక్కడే అందరిని చూచుకొనగలుగుట ఇందువలననే. మద్రాసులో అనాథబాలుర శాలను నడిపిన ఆండ్రూ బెల్ ఈ పిల్లల పంతుళ్ల పద్ధతిని 1797లో ఇంగ్లండున పుస్తకముగ ప్రకటింపగా, అది అచ్చటి బీదపిల్లల బడులకు ప్రాకినది.

కాంబెల్ దోషములను సైతము దాచలేదు. పిల్లలు వల్లెవేయు పద్యముల భాష వారు మాటలాడు భాష కాదనియు, అర్థము తెలియకయే అక్షరములను అప్పగింతురనియు వ్రాసెను. జిల్లాలో 533 బడులు, వానిలో తెలుగు బడులు 226. చదువువారు 6,641 మంది. అనగా వేయిమందిలో సుమారు ఏడుగురే. వారిలో బాలికలు 60 మంది.

ఇక ఇంటనే చదువుకొన్న వారి సంగతి. మన్రో 1826 మార్చిలో వ్రాసిన వ్రాతలో ఒక చిత్రమైన లెక్క కలదు. మద్రాసు పట్టణమున ఇండ్లలో చదువుకొను పిల్లలు 26,963 మంది. ఇది బడులలో చదువువారికి సుమారు అయిదు రెట్లు. ఈ సంఖ్యలో పొరపాటు ఉండవచ్చునని మన్రోయే అనుమానించెను. అయినను, తండ్రులు, బంధువులు, ఇంటికి వచ్చు పంతుళ్లు చెప్పు చదువు చాలినంత వ్యాప్తిలో నున్నదని అతడు ఒప్పుకొనెను. మిగిలిన జిల్లాలనుండి ఇంటి చదువుల లెక్క రాలేదు. ఇంటిలో జరుగు పని సర్కారు పుస్తకముల కెక్కుట ఎప్పుడును అరుదే.

ఇప్పుడు మరల మన సీమకు వత్తము. నిజాము రాజ్యమున కచేరీ భాష ఉర్దూ. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయపు బోధనభాషయు ఉర్దూయే. తెలుగింటి బిడ్డ సర్కారు బడికి పోయినచో ఇంటి మాట వేరు, బడి మాట వేరు. తెలుగు నిలిచినది చాలవరకు ఇండ్లలోను, ఖాన్గీ బడులలోను. 1920ల నడుమ, ముందు అనుమతి లేక ఖాన్గీ బడి పెట్టరాదని సర్కారు నిబంధన చేయగా అవియు చాల తరిగిపోయినవి. 1930లో జోగిపేటలో మొదలైన ఆంధ్రమహాసభలలో, ప్రాథమిక విద్య మాతృభాషలో జరుగవలెననియు, ఖాన్గీ బడుల చిక్కులు తొలగవలెననియు కోరిక మాటిమాటికి వినవచ్చినది. 1936లో షాద్‌నగరు సభకు అధ్యక్షత వహించిన కొండా వెంకట రంగారెడ్డి మొయినాబాదు చెంతనున్న పెద్దమంగళారమున 1890లో జన్మించినవారు. ఈ జిల్లాకు నేడున్న పేరు వారిదే. మాడపాటి హనుమంతరావు 1928లో హైదరాబాదున ఆంధ్ర బాలికా పాఠశాలను స్థాపించినది, ఇంటి చదువు ఆడుబిడ్డలకు అందింపలేనిది అందించుటకే.

ఈ చరిత్రలో రెండు సంగతులు కలవు. ఇల్లు మాతృభాషను కాపాడినది, ఇది మొదటిది. అరుగు గల ఇంటి బిడ్డకే ఆ కాపుదల దొరకినది; ఇది రెండవది. పాలేరు బిడ్డకు అరుగు లేదు. ఇంటి కూతురు అరుగుమీదికి వచ్చుట అరుదు. చదువు ఇంటికే విడిచిన కాలమున చదువు ఇంటి కలిమిని బట్టి నడచినది. 2020లో అంటువ్యాధివలన బడులు మూతపడి, సెప్టెంబరు 1నుండి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ప్రసారములద్వారా ఇండ్లకే పాఠములు వచ్చినప్పుడును ఇదియే కనబడినది. పెట్టె యున్న ఇంట, ప్రక్కన కూర్చుండు పెద్దవారున్న ఇంట పాఠము సాగినది.

2010 ఏప్రిల్ 1నుండి అమలైన విద్యాహక్కు చట్టము ఆరునుండి పదునాలుగేండ్ల బిడ్డలకు బడిని హక్కుగ నిచ్చినది ఇందుకే. బిడ్డను బడిలో చేర్చుట తల్లిదండ్రుల విధి యని ఆ చట్టము చెప్పుచున్నది. ఆరేండ్లు దాటినను బడికి పోని బిడ్డ వచ్చినచో, వయస్సుకు తగిన తరగతిలోనే చేర్చుకొనవలెననియు చెప్పుచున్నది. కావున ఆరు నిండువరకు ఇంట చదువు చెప్పదలచిన గృహస్థునకు తొందరగాని, భయముగాని అక్కరలేదు.

అట్టివారికి ఆ పాత అరుగునుండి తెచ్చుకొనదగినవి కొన్ని కలవు. వేళ తప్పని ఒక చిన్న గడియ. పలుకుచు దిద్దు అక్షరము. ఇసుకయైనను, బియ్యమైనను, పలకయైనను ఒకటే. గింజలతో, గవ్వలతో లెక్క. కాంబెల్ చూపిన దోషమును మరువక, చదివిన ప్రతి మాటకు అర్థము చెప్పుట. రాత్రి ఒక కథ చెప్పి, మరునాడు బిడ్డచేత దానిని చెప్పించుట. అన్నిటికంటె ముఖ్యముగ, పొరుగుబిడ్డను పిలిచి ప్రక్కన కూర్చుండబెట్టుట. ఒంటరి బిడ్డకు పోటీయు లేదు, తోడును లేదు. పనిమనిషి బిడ్డ ఆ చాపమీద కూర్చున్ననాడు పాత అరుగు బాకీ కొంత తీరును.

తెలంగాణములో 2022–23నుండి సర్కారు బడులలో ఒకటినుండి ఎనిమిదవ తరగతివరకు ఇంగ్లీషు బోధన ప్రవేశపెట్టబడినది. నాడు ఉర్దూ, నేడు ఇంగ్లీషు. రెండును జీవనమునకు వలయు భాషలే. కాని ఇంటి మాటకును బడి మాటకును నడుమ ఎడము మరల వచ్చినది. బిడ్డ బడికి పోయినను, పోకున్నను, తెలుగు అక్షరము నేర్పు పని ఇంటిమీదనే పడుచున్నది. సాయంకాలము రేడియో ముగిసిన పిదప అరగడియ చాలును. పలకయు బలపమును అందుబాటులో నుంచవలెను. పొరుగింటి తలుపును ఒకమారు తట్టవలెను.